ఒకే బిల్లు నాలుగు చోట్ల: మందుల వ్యాపారానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

వారిది మందుల హోల్‌సేల్ వ్యాపారం. మామగారు 30 ఏళ్ల కిందట ఒక్క గదిలో మొదలుపెట్టారు. ఇప్పుడు ఏలూరు, మచిలీపట్నాల్లో బ్రాంచీలు ఉన్నాయి. సుమారు 800 మెడికల్ షాపులకు సరుకు వేస్తారు. ఏటా టర్నోవరు 40 కోట్ల రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. మామగారు, భర్త, మరిది భాగస్వాములు. పాఠకురాలు పెళ్లికి ముందు హైదరాబాదులో ఒక ఐటీ కంపెనీలో పనిచేశారు. అందువల్ల కంప్యూటరుతో ముడిపడిన ప్రతి చిక్కూ "కోడలు చూసుకుంటుంది" అన్న మాటతో ఆమె దగ్గరికే వస్తుంది.

బిల్లులకు ఒక సాఫ్ట్‌వేర్, ఖాతాలకు ట్యాలీ, సేల్స్‌మెన్ ఆర్డర్లు రాసుకోవడానికి ఫోన్ యాప్, వీటికి తోడు బిల్లులు నమోదు చేసే ప్రభుత్వ ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్, సరుకు రవాణాకు ఈ-వే బిల్లు పోర్టల్. ఇవేవీ ఒకదానితో ఒకటి మాట్లాడవు. 27 ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న గుమస్తా గారు రోజూ సాయంత్రం బిల్లుల జాబితా అచ్చు తీసుకుని ట్యాలీలో ఒక్కొక్కటీ ఎక్కిస్తారు. యాప్‌లో ఉన్నట్టు చూపిన మందు గోదాములో ఉండదు. షాపువాళ్ల చేత మాటలు పడేది సేల్స్‌మన్. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు బిల్లింగులో రాత్రికి రాత్రే 12 శాతాన్ని 5 శాతంగా మార్చారు. యాప్‌లో మార్చలేదు. ట్యాలీలో సగం మందులకు మార్చారు, సగం మిగిలిపోయాయి. దసరా నవరాత్రులన్నీ తేడాలు వెతకడంతో, ఎక్కువ వేసిన మొత్తాన్ని తగ్గించే క్రెడిట్ నోట్లు రాయడంతో గడిచిపోయాయి.

దాంతో "అన్నీ కలిపే సాఫ్ట్‌వేర్ తెద్దాం" అన్న మాట వచ్చింది. వేర్వేరు సాఫ్ట్‌వేర్లను కలిపే, పేరున్న ఒక విదేశీ ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫారం ఏజెంటు ఏడాది చందా మీద పెద్ద తగ్గింపు ఇస్తానని, నెలాఖరులోగా సంతకం కావాలని అంటున్నాడు. మరిదికి ఉన్నవన్నీ తీసేసి, బిల్లులు, నిల్వ, ఖాతాలు అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే పెట్టాలని ఉంది. ఆడపడుచు గారి అబ్బాయి హైదరాబాదులో ప్రోగ్రామరు. ఉచితంగా దొరికే పరికరాలతో శని, ఆదివారాల్లో తానే రాసిస్తానంటున్నాడు. ఈ గొడవలో గుమస్తా గారు ఆమెతో మాట్లాడడం మానేశారు. "ఏది ఎంచినా ఇంట్లో ఒకరు అలుగుతారు. బాగా నడిస్తే అందరిదీ, చెడితే నాది. ఏది కొనమంటారు?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

ముందు ఆ నెలాఖరు గడువును మనసులోంచి తీసేయండి. అది ఏజెంటు అమ్మకాల లక్ష్యానికి సంబంధించిన తేదీ, మీ వ్యాపారానికి సంబంధించింది కాదు. ఈ నెల ఇచ్చిన తగ్గింపు వచ్చే త్రైమాసికం చివర మళ్లీ వస్తుంది. మీలాంటి వ్యాపారంలో ఈ విషయానికి నిజంగా లెక్కలోకి వచ్చే తేదీ ఒక్కటే, ఏప్రిల్ 1. ఆ రోజు బిల్లు నంబర్లు కొత్తగా మొదలవుతాయి, ఓపెనింగ్ నిల్వలు వేస్తారు. బిల్లింగునో ఖాతాలనో సమూలంగా మార్చాలంటే అదే అనువైన రోజు. మిగతా పనులు ఏ నెలలోనైనా మొదలుపెట్టవచ్చు.

ఇక సెప్టెంబరు 22 సంగతి. ఇంట్లో అందరూ దాన్ని "సాఫ్ట్‌వేర్లు కలవకపోవడం వల్ల వచ్చిన నష్టం" అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. ఆ వారం చాలా మందులు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి, కొన్ని ప్రాణరక్షక మందులకు పన్ను పూర్తిగా తీసేశారు. ఒక మందుకు కొత్త రేటు ఎంతో మీ సంస్థలో చివరి మాట చెప్పే చోటు ఏది? బిల్లింగా, ట్యాలీయా, యాప్‌కు పంపే ఎక్సెల్ షీటా? ఈ ప్రశ్నకు ఆ రాత్రి ఎవరి దగ్గరా జవాబు లేదు. అన్నీ కలిపి ఉన్నా, ఎవరో ఒకచోట తప్పు రేటు వేస్తే అది మిగతా మూడు చోట్లకూ క్షణాల్లో పాకేది. ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్‌ది పోస్ట్‌మన్ పని. ఉత్తరాన్ని భద్రంగా చేరుస్తాడు, అందులో రాసిన తప్పును దిద్దడు.

కాబట్టి ఏది కొనాలన్న ప్రశ్నకు ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. మీ దగ్గర తిరిగే ప్రతి వివరానికీ అసలు చోటు ఏదో రాసుకోండి. మందు పేరు, హెచ్‌ఎస్‌ఎన్ కోడు (పన్ను కోసం సరుకు రకాన్ని తెలిపే అంకె), పన్ను రేటు, ఎంఆర్‌పీ, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, నిల్వ, స్కీం, షాపు వివరాలు, అరువు పరిమితి, రావాల్సిన బాకీ. మీరు రాసినదాన్ని బట్టి నాకు తోచేది ఇది: మందుకు, బ్యాచ్‌కు, నిల్వకు, పన్ను రేటుకు అసలు చోటు బిల్లింగు సాఫ్ట్‌వేర్, బాకీకి, వసూళ్లకు ట్యాలీ. యాప్‌కు దేని మీదా హక్కు ఉండకూడదు. అది చూపించాలి, ఆర్డరు పంపాలి, అంతే. అసలు చోట తప్ప మరెక్కడా ఎవరూ చేత్తో మార్చకూడదన్న నియమం పెట్టగలిగితే మీ కష్టంలో పెద్ద భాగం ఏ కొనుగోలూ లేకుండానే తగ్గుతుంది.

షాపు వివరాల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఇలాంటి ప్రయత్నాలు ఎక్కువగా బెడిసికొట్టేది అక్కడే. బిల్లింగులో "శ్రీ వెంకటేశ్వర మెడికల్స్" అని ఉంటుంది. ట్యాలీలో "శ్రీ వేంకటేశ్వర మెడికల్ అండ్ జనరల్ స్టోర్స్, ఏలూరు" అని ఉంటుంది. యాప్‌లో సేల్స్‌మన్ తనకు గుర్తుండేలా "వెంకటేశ్వర, బస్టాండు" అని రాసుకుంటాడు. మనిషి మూడింటినీ ఒకటే అని పోల్చుకుంటాడు. ట్యాలీ పోల్చుకోదు. ఆ పేరుతో లెడ్జరు లేదని బిల్లును తిప్పికొడుతుంది. ఇంకా నష్టం ఏమిటంటే, పంపే ప్రోగ్రాము "లేకపోతే కొత్త లెడ్జరు తెరువు" అని రాసి ఉంటే ఒకే షాపుకు మూడు ఖాతాలు పుడతాయి, బాకీ మూడు ముక్కలవుతుంది.

జీఎస్టీ నంబరుతో కలపవచ్చు కదా అని ఎవరైనా అంటారు. ఒకే యజమానికి రెండు షాపులుంటే రెండింటికీ అదే నంబరు ఉండవచ్చు. చిన్న షాపులు కొన్నింటికి అసలు నంబరే ఉండదు. మీ వ్యాపారంలో ఇంతకంటే మంచి ఆనవాలు ఉంది, డ్రగ్ లైసెన్సు నంబరు. ఆ లైసెన్సు షాపు ఉన్న చోటుకు ఇస్తారు కనుక రెండు షాపులకు ఒకటే ఉండదు. లైసెన్సు లేని షాపుకు మీరు సరుకు వేయకూడదు కూడా. అయితే షాపు చేతులు మారితే లైసెన్సూ మారుతుంది. అందుకని మీ సొంత కోడు ఒకటి ప్రతి షాపుకూ ఇచ్చి, దాని పక్కన లైసెన్సు నంబరు, జీఎస్టీ నంబరు రాసి, మూడు వ్యవస్థల్లోనూ ఆ కోడునే పెట్టండి. 800 షాపుల జాబితా సరిచూడడం విసుగు పుట్టించే పని, నిజమే. కానీ ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ పని మీరే చేయాలి. కొన్నాక చేస్తే నెల నెలా చందా కడుతూ చేస్తారు.

ఈ జాబితా సరిచూడగలిగిన మనిషి మీ సంస్థలో ఒక్కరే ఉన్నారు, గుమస్తా గారు.

ఆయన రోజూ చేసేది ఎక్కింపు మాత్రమే అని ఇంట్లో అందరూ అనుకుంటున్నట్టు మీ ఉత్తరం చదివితే అనిపించింది. నాకు ఆ నమ్మకం లేదు. ఎక్స్‌పైరీ అయిన స్ట్రిప్పులు షాపు నుంచి తిరిగి వస్తే, తయారీ కంపెనీ ఒప్పుకునేదాకా ఆ క్రెడిట్ నోటును ఎవరు ఆపి పెడుతున్నారు? పదికి ఒకటి ఉచితం అన్న స్కీంలో ఆ పదకొండోది ట్యాలీలో ఎలా పడుతోంది? ఒక యజమాని రెండు షాపుల బాకీకి ఒకే చెక్కు ఇస్తే దాన్ని ఎవరు విడదీస్తున్నారు? బౌన్సయిన చెక్కు షాపుకు సరుకు ఆపాలని సేల్స్‌మన్‌కు ఎవరు ఫోను చేస్తున్నారు? ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు, ఆయన తలలోనే ఉంటాయి. ఏజెంటు డెమోలో చూపేది నగదు కట్టి, సరుకు తీసుకుని, ఏదీ వాపసు ఇవ్వని షాపు బిల్లు. అలాంటి షాపు విజయవాడలో ఎన్ని ఉంటాయో మీకే తెలుసు.

కొన్ని సాయంత్రాలు ఆయన పక్కన కూర్చోండి. ఆయనకు ఏదో చెప్పడానికి కాదు, ఆయన చేసేది చూసి రాసుకోవడానికి. "ఈ బిల్లును ఎందుకు పక్కన పెట్టారు?" అని అడిగిన ప్రతిసారీ మీ కాగితం మీద ఒక కొత్త నియమం చేరుతుంది. అయితే ఆయన ఉద్యోగం గురించి మీరు మాట ఇవ్వకండి. ఆ మాట మామగారు చెప్పాలి, మీరు కూర్చోవడానికి ముందే చెప్పాలి. ఎక్కింపు తగ్గితే ఆయన పని ఆగిపోయిన బిల్లులు చూడడం, బాకీలు సరిచూడడం అవుతుందని, జీతంలో కోత ఉండదని పెద్దాయనే స్వయంగా చెబితే ఆ మాటకు విలువ. ఒకవేళ ఇంట్లో ఆయన్ను తగ్గించుకునే ఆలోచన నిజంగానే ఉంటే, మీ నోటితో ఆయనకు భరోసా చెప్పించకండి. అది ఆయనకూ అన్యాయం, మీకూ మచ్చ.

ఇక మూడు దారులు చూద్దాం.

ఏజెంటు చెబుతున్న ప్లాట్‌ఫారం చెడ్డదని నేను అనడం లేదు. పదుల కొద్దీ వ్యవస్థలున్న సంస్థకు అవి నిజంగా ఉపయోగపడతాయి. వ్యవస్థల మధ్య లంకెలన్నీ ఒకే తెర మీద కనిపిస్తాయి, ఎక్కడ ఏది ఆగిందో తెలుస్తుంది. కానీ మీ ట్యాలీ క్లౌడ్‌లో లేదు, ఆఫీసు కంప్యూటరులో ఉంది. బయటి ప్రోగ్రాములు దానితో ఎక్స్‌ఎంఎల్ రూపంలో, సాధారణంగా 9000 పోర్టు ద్వారా మాట్లాడతాయి. ఆ సమయంలో కంప్యూటరు నడుస్తూ ఉండాలి, ట్యాలీ తెరిచి ఉండాలి, మీ సంస్థ ఖాతా అందులో లోడ్ అయి ఉండాలి. రాత్రి ఎవరైనా అలవాటు కొద్దీ కంప్యూటరు కట్టేసి వెళ్లిపోతే ఎంత ఖరీదైన ప్లాట్‌ఫారమైనా బిల్లును చేర్చలేదు. ట్యాలీకి సిద్ధంగా ఉన్న కనెక్టరు వాళ్ల దగ్గర ఉందా, లేక మీ ఖర్చుతో కొత్తగా రాస్తారా అన్నది మొదట తేల్చుకోండి.

రెండోది, దేన్ని లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారన్నది. కొన్ని ప్లాట్‌ఫారాలు కలిపే వ్యవస్థల సంఖ్యను బట్టి, కొన్ని జరిగే పనుల సంఖ్యను బట్టి వసూలు చేస్తాయి. 14 రకాల మందులున్న బిల్లు ట్యాలీకి వెళితే అది ఒక పనా, పద్నాలుగా? నిల్వ మారిన ప్రతిసారీ యాప్‌కు కబురు పంపితే అదీ లెక్కలోకి వస్తుందా? మీ గత నెల బిల్లుల సంఖ్య, వాటిలోని వరసల సంఖ్య ఇచ్చి, ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాసిమ్మనండి. తగ్గింపు పోయాక రెండో ఏడాది ధర కూడా అదే కాగితం మీద ఉండాలి. ధర డాలర్లలో ఉంటే మారకపు భారం ఎవరిదో కూడా.

మూడోది, ఈ రంగంలో యాజమాన్యాలు తరచుగా మారతాయి. ఇలాంటి ప్లాట్‌ఫారాలనే చూడండి. మ్యూల్‌సాఫ్ట్‌ను 2018లో సేల్స్‌ఫోర్స్ కొన్నది. బూమీని 2010లో డెల్ కొని 2021లో అమ్మేసింది. వెబ్‌మెథడ్స్ 2024లో ఐబీఎం చేతికి వచ్చింది. టాలెండ్‌ను 2023లో క్లిక్ అనే సంస్థ కొన్నది. ఎన్నో చిన్న సంస్థలు ఉచితంగా వాడుకున్న టాలెండ్ ఓపెన్ స్టూడియోను 2024 జనవరి 31తో ఆపేశారు. కొత్త యజమాని వస్తే ధరల పట్టిక మారవచ్చు, మీకు అవసరమైన భాగమే మూతపడవచ్చు. అందుకని "మేము మానుకుంటే మా నియమాలు, మా లంకెల వివరాలు ఏ రూపంలో చేతికిస్తారు?" అని కొనేముందే అడగాలి. దానికి సూటిగా జవాబు చెప్పలేని సంస్థతో మూడేళ్ల ఒప్పందం చేసుకోకండి.

మీ మరిది చెప్పే ఈఆర్‌పీ మాటలో బలం ఉంది. వ్యవస్థ ఒక్కటే అయితే కలపాల్సిన అవసరమే రాదు, షాపుకు ఒకే పేరు, మందుకు ఒకే రేటు. దీర్ఘకాలానికి అదే సరైన దారి కావచ్చు కూడా. అయితే అందులో ఉన్న ప్రమాదం మీ వ్యాపారానికి చాలా దగ్గరిది. అమెరికాలోని పెద్ద మందుల హోల్‌సేల్ సంస్థల్లో ఫాక్స్‌మేయర్ ఒకటి. 1990ల మొదట్లో శాప్ అనే కంపెనీ ఆర్/3 ఈఆర్‌పీని, దానితో పాటు గోదాముకు కొత్త యంత్రాల వ్యవస్థను ఒకేసారి తలకెత్తుకుంది. 1996 ఆగస్టులో దివాలా పిటిషను వేసింది. తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద, సలహా సంస్థ మీద దావాలు పడ్డాయి. అవి రాజీతో ముగిశాయి. ఆ సంస్థకు వేరే నష్టాలు కూడా ఉన్నాయి కనుక తప్పంతా సాఫ్ట్‌వేర్‌దే అనడం న్యాయం కాదు. కానీ మందుల హోల్‌సేల్‌లో లాభం పలచగా ఉంటుంది, రోజుకు వేల వరసల ఆర్డర్లు కదలాలి. మారే రోజుల్లో ఆర్డర్లు నెమ్మదిస్తే షాపువాడు ఆగడు. పక్క వీధిలోని ఇంకో స్టాకిస్టుకు ఫోను చేస్తాడు. ఫాక్స్‌మేయర్ కథ మరిదికి చెప్పండి, భయపెట్టడానికి కాదు. రెండు పెద్ద మార్పులు ఒకేసారి వద్దని ఒప్పించడానికి.

ఈఆర్‌పీ వైపు వెళ్లాలనుకుంటే మీ అసలు బిల్లులతోనే పరీక్షించండి. ఒకే మందుకు మూడు బ్యాచ్‌లు ఉన్నప్పుడు దగ్గరి ఎక్స్‌పైరీది ముందు పోతుందా? స్కీం సరుకు నిల్వలోంచి సరిగా తగ్గుతుందా? ఎక్స్‌పైరీ వాపసు ఏ బ్యాచ్‌దో అడుగుతుందా? ఒక బ్యాచ్‌ను కంపెనీ వెనక్కి పిలిస్తే, అది ఏయే షాపులకు వెళ్లిందో ఒక్క జాబితాగా ఇస్తుందా? ఈ చివరి ప్రశ్న మీద నేను గట్టిగా నిలబడతాను. అవతల మందు వేసుకునే మనిషి ఉన్నాడు. ఇప్పటి మీ వ్యవస్థలో ఆ జాబితా తీయడానికి ఎంతసేపు పడుతుందో కూడా ఒకసారి చూసుకోండి.

ఆడపడుచు గారి అబ్బాయి మాటను తేలిగ్గా తీసేయకండి. వ్యవస్థలను కలపడానికి అతను చెబుతున్న ఉచిత పరికరాలు నిజమైనవే. అపాచీ క్యామెల్ 2007 నుంచి ఉంది, పెద్ద పెద్ద సంస్థలు వాడుతున్నాయి. ఎన్8ఎన్ లాంటివి సొంత సర్వరు మీద పెట్టుకుని సంస్థ లోపలి పనులకు లైసెన్సు రుసుము లేకుండా వాడుకోవచ్చు. నాలుగైదు వ్యవస్థలు కలపడానికి ఇవి సరిపోతాయి. ఖర్చు లైసెన్సులో లేదు, మనిషిలో ఉంది. ఈ రోజు రాసినవాడు ఏడాది తర్వాత ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లవచ్చు. సోమవారం ఉదయం పది గంటలకు లంకె తెగితే అతను తన ఆఫీసు మీటింగులో ఉంటాడు. అప్పుడు మీ భర్త ఫోను చేస్తారు, అతను ఎత్తడు, సాయంత్రానికి విషయం ఆడపడుచు గారి ఇంటిదాకా వెళుతుంది. ఉచితంగా చేసిన పనిని గట్టిగా అడగలేరు, సరిగా లేదని చెప్పలేరు.

అతనితో చేయించాలనుకుంటే డబ్బు ఇచ్చి చేయించండి. ఏమి చేయాలో, ఎప్పటిలోగా చేయాలో, చెడితే ఎంతసేపట్లో చూడాలో ఒక కాగితం మీద రాసుకోండి. సర్వరు, పోర్టల్ లాగిన్లు, ప్రోగ్రాము దాచే ఖాతా అన్నీ సంస్థ పేరు మీద, సంస్థ ఈమెయిలుతో ఉండాలి. అతను రాసినదాన్ని చదివి అర్థం చేసుకోగల రెండో మనిషి ఒకరు ఉండాలి. మీరే ఆ మనిషి కావచ్చు, కానీ అది మీ ఇష్టంతో జరగాలి.

మీరు రాయని నాలుగో దారి ఒకటుంది, నా మొగ్గు దాని వైపే. మీ బిల్లింగు సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లకే ముందు ఫోను చేయండి. మన దేశంలో మందుల బిల్లింగుకు వాడే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ట్యాలీకి పంపే సదుపాయం, ఈ-ఇన్‌వాయిస్ నేరుగా తీసే సదుపాయం లోపలే ఉంటాయి. ఎవరూ వాడక, లేదా చిన్న రుసుము కట్టక మూలన పడి ఉంటాయి. మీ పాత వెర్షనులో లేకపోయినా కొత్తదానిలో ఉండవచ్చు. దాంతో ఒకే ఒక లంకె వేయండి: బిల్లింగు నుంచి ట్యాలీకి అమ్మకం బిల్లులు, అది కూడా ఏలూరు బ్రాంచికి మాత్రమే. గుమస్తా గారు చేత్తో ఎక్కించడం కూడా కొన్నాళ్లు మానవద్దు. విడిగా ట్యాలీలో మీ సంస్థ ఖాతాకు ఒక నకలు తెరిచి, యంత్రం పంపినవి అందులో పడేట్టు పెట్టి, రెండు లెక్కలూ రోజూ పోల్చండి. తేడా వచ్చిన ప్రతి చోటా ఆయన తలలోని ఒక నియమం బయటికి వస్తుంది. అది కుదిరాక రెండో లంకె గోదాము నిల్వ నుంచి యాప్‌కు వేయండి. షాపువాళ్ల ముందు మీ మాట దక్కేది దానివల్లే.

ఈ దారికీ లోటు ఉంది. నెమ్మదిగా సాగుతుంది, ఇంట్లో "ఇంకా ఏమీ కొనలేదా?" అన్న మాట వినిపిస్తుంది. లంకెలు పెరిగేకొద్దీ ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉండి, అన్నీ ఒకచోట కనిపించవు. మీరు ఎక్కువ తయారీ కంపెనీలకు స్టాకిస్టులై, ప్రతి కంపెనీ తన నమూనాలోనే నిల్వ, అమ్మకాల వివరాలు అడగడం మొదలైతే అప్పుడు ప్లాట్‌ఫారం కొనడం న్యాయమైన ఖర్చు అవుతుంది. ఆ రోజు వస్తే మీరు వేసుకున్న కోడులు, రాసుకున్న నియమాలు అన్నీ అక్కడ పనికొస్తాయి. ఏదీ వృథా పోదు.

ఏ దారి పట్టినా ఈ పరీక్ష మాత్రం తప్పకుండా చేయండి. డెమో నడుస్తుండగా మీ చేత్తో నెట్ కేబులు పీకండి. బిల్లు సగంలో ఉంది. ఇప్పుడు ఏమవుతుంది? ట్యాలీ బిల్లును అందుకుంది, కానీ "అందింది" అన్న జవాబు తిరిగి వచ్చేలోపు లైను పోయింది. పంపిన ప్రోగ్రాము అందలేదనుకుని మళ్లీ పంపుతుంది. అదే బిల్లు రెండుసార్లు పడితే షాపు బాకీ రెట్టింపు కనిపిస్తుంది, సేల్స్‌మన్ వెళ్లి అడుగుతాడు, పాతికేళ్ల ఖాతాదారు నొచ్చుకుంటాడు. ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ ఈ విషయంలో గట్టిది. ఒకే ఆర్థిక సంవత్సరంలో అదే జీఎస్టీ నంబరు, అదే రకం పత్రం, అదే బిల్లు నంబరు మళ్లీ వస్తే తిప్పికొడుతుంది. మీ లంకె కూడా ప్రతి బిల్లుకూ ఒక గుర్తు పెట్టి, రెండోసారి వచ్చినదాన్ని అలాగే ఆపగలగాలి. ఆపకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఆగిపోయిన బిల్లు ఎక్కడ కనిపిస్తుంది, ఎవరికి కనిపిస్తుంది అన్నదీ అంతే ముఖ్యం. లంకె వేశాక చేత్తో ఎక్కించే మనిషి ఉండడు కనుక, ఆగిన బిల్లు నిశ్శబ్దంగా ఆగుతుంది. ఏటా టర్నోవరు 10 కోట్లు, ఆపైన ఉన్న సంస్థలు 2025 ఏప్రిల్ 1 నుంచి బిల్లు తేదీకి 30 రోజుల్లోపే ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్‌కు పంపాలి. ఆ గడువు దాటితే పోర్టల్ తీసుకోదు, అవతలి షాపుకు పన్ను జమ దగ్గర చిక్కు వస్తుంది. మీది 40 కోట్లు. కాబట్టి రోజూ ఉదయం ఆగిన బిల్లుల జాబితా కారణంతో సహా, తెలుగులోనో తేలిక ఇంగ్లీషులోనో గుమస్తా గారి తెర మీద కనిపించాలి. ఒక్కసారి పంపిన బిల్లును బిల్లింగులో మారిస్తే ఏమవుతుందో కూడా అడగండి. ఐఆర్‌ఎన్ (పోర్టల్ ఆ బిల్లుకు ఇచ్చే నమోదు నంబరు) రద్దుకు 24 గంటలే సమయం ఉంటుంది, ఆ తర్వాత సాధారణంగా క్రెడిట్ నోటే దారి. మార్పు, రద్దు రెండూ ట్యాలీకి చేరకపోతే మీ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

చివరగా, "చెడితే నాది" అన్న మీ మాట గురించి. ఇది మీరు ఒక్కరే తేల్చాల్సిన విషయం కాదు. డబ్బు పెట్టేది ముగ్గురు భాగస్వాములు. నిర్ణయం వాళ్లది, వివరాలు తెచ్చేది మీరు. ఒక పేజీ రాయండి: నాలుగు దారులు, ఒక్కోదాని మొదటి ఏడాది, రెండో ఏడాది ఖర్చు, చెడితే ఏమి చేస్తాం, ఎవరు చూస్తారు. మామగారు, మీవారు, మరిది ముగ్గురూ చదివి సంతకం చేశాకే అడుగు వేయండి. ఇంట్లోవాళ్ల దగ్గర సంతకాలేమిటని మొహమాటం వద్దు. బ్యాంకు అప్పుకు ఇదే ముగ్గురూ సంతకం పెట్టినప్పుడు ఎవరూ నొచ్చుకోలేదు కదా. ఈ పనికి వారంలో మీరు ఎన్ని గంటలు ఇవ్వగలరో, దానికి సంస్థలో మీకు ఏ హోదా, ఎంత జీతం ఉంటుందో కూడా ఆ పేజీలోనే రాయండి. ఇప్పటిదాకా మీరు చేసినదాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టలేదని మీ ఉత్తరంలో ప్రతి వాక్యం చెబుతోంది. ముందు మీరు లెక్కపెట్టండి.

ఏజెంటు ఫోను చేస్తే మా సొంత బిల్లులతో, మా వాపసులతో డెమో చూపితేనే మాట్లాడతామని చెప్పండి. ఏలూరు బ్రాంచి లంకె ఒక నెల నడిచాక, ఆగిన బిల్లుల జాబితాను షాపుల పేర్లు తీసేసి నాకు పంపండి. పేరు కుదరక ఎన్ని ఆగాయో, స్కీం వల్ల ఎన్ని, వాపసు వల్ల ఎన్ని ఆగాయో చూస్తే, తర్వాత డబ్బు ఎక్కడ పెట్టాలో కచ్చితంగా చెప్పగలను.